ఒక్క చరుపు అంటే ఆపు

దయ్యం, గాలి, ధూళి అనే మాటలు వింటే నాకు నవ్వొస్తుంది. పద్దెనిమిదేళ్లుగా గద్వాలలో పికప్ నడుపుతున్నా. శ్మశానం గోడ పక్కన బండి ఆపుకుని హాయిగా నిద్రపోయిన వాణ్ణి. దిష్టికని మా ఆవిడ బండికి కట్టిన నిమ్మకాయను సోడాలో పిండుకుని తాగినవాణ్ణి కూడా. అట్లాంటి నాకు ఈ సంగతి చెప్పేటప్పుడు చేతుల మీద వెంట్రుకలు లేస్తాయి. ఇప్పుడూ లేచే ఉన్నాయి.

నా పని ఎక్కువగా మిల్లర్లు లాగడం. స్లాబు పోసేటప్పుడు కంకర, ఇసుక, సిమెంటు కలిపే మిషన్‌ను మా దగ్గర మిల్లర్ అంటారు. దాన్ని బండి వెనక హుక్కుకు తగిలించి ఊళ్లకు తీసుకుపోతా. చూసేవాళ్లకు సులువుగానే కనిపిస్తుంది. కానీ మిల్లర్‌కు బ్రేకులు ఉండవు. దిగుడు వస్తే వెనక నుంచి బండిని తోస్తుంది. దాని బరువు హుక్కు మీద పడితే ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగ్ మాట వినదు.

ఈ పని నాకు నేర్పింది మస్తాన్ చాచా. లోడు ఎత్తాక ఆయన బండి కిందికి వంగి, బరువు మోసే కమాన్ పట్టీలకూ పైన రబ్బరు దిమ్మకూ మధ్య సందులో చెయ్యి పెట్టి చూసేవాడు. లోడు పెరిగేకొద్దీ ఆ సందు తగ్గుతుంది. నాలుగు వేళ్లు పడితే పోవచ్చు. పట్టకపోతే పట్టేదాకా దించాల్సిందే. ఆ తర్వాత డ్రైవర్ వెనక బాడీ రేకును అరచేత్తో చరిచేవాడు. ఒక్క చరుపు అంటే ఆపు. రెండంటే పో. ఇంజిన్ మోతలో అరిచి గొంతు చించుకోవడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు.

ఆయన కుడిచేతికి చిటికెన వేలు లేదు. ఎప్పుడో జాకీ కింద పడి పోయింది. అందుకని సందు ఎప్పుడూ ఎడమ చేత్తోనే చూసేవాడు.

చాచా గుండెనొప్పితో దవాఖానలో పోయాడు. నేనే దగ్గరుండి మట్టి వేసి వచ్చా. ఇది జరిగింది ఆ తర్వాత నాలుగు నెలలకు, పొద్దున పదిన్నరకు, మంచి వెలుతురులో.

ఆ రోజు మల్దకల్ దగ్గరి ఊళ్లో మా అక్క ఇంటికి స్లాబు. పన్నెండేళ్లు రేకుల కింద ఉడికిన మనిషి. పొద్దున్నే గద్వాల వచ్చి నా పక్క సీట్లో కూర్చుంది, ఆమె ముఖం చూస్తే నాకే పండగలా ఉంది. మేస్త్రీ, కూలీలు అక్కడ ఎదురుచూస్తున్నారు. మామూలుగా అయితే మిల్లర్‌తో పాటు పదిహేను సిమెంటు బస్తాలే వేస్తా, మిగతావి రెండో ట్రిప్పులో. అక్క ఆకాశం చూసింది.

"తమ్మీ, మొగులైంది. రెండుసార్లు తిరిగేలోపట వానొస్తది. అన్నీ ఒక్కపారే ఏస్కపోదాం."

ముప్పై బస్తాలు ఎత్తాం. ముప్పై అంటే బండి ఒక్కటే మోసే లెక్క, వెనక మిల్లర్ లేనప్పుడు. వంగి చెయ్యి పెట్టి చూశా. మూడు వేళ్లు పట్టాయి, నాలుగోది పట్టలేదు. చాచా చేతికి మూడే కదా అనుకున్నా. ఆయన ఏ చేత్తో చూసేవాడో నాకు తెలుసు. ఆ రోజు తెలియనట్టు నటించా, అదీ నాతో నేనే.

ఊరు దాటాక, చదును రోడ్డు మీద, నా వీపు వెనక రేకు మీద ఒక్క చరుపు పడింది. బండి ఆపి దిగి చూశా. బస్తాలు కదల్లేదు, తాళ్లు బిగువుగానే ఉన్నాయి. ఎవరూ లేరు. మళ్లీ కదిలా.

వాగు దిగుడు మొదలయ్యే చోట రెండో చరుపు. ఈసారి సీటు అదిరింది. "ఎనక ఎవరన్న ఎక్కిన్రా ఏంది?" అంది అక్క. హ్యాండ్ బ్రేకు లాగి, చక్రాలకు రాళ్లు పెట్టి వెనక్కి పోయా.

హుక్కు పిన్ను వంగి ఉంది. సగానికి పైగా పగిలి, లోపలి ఇనుము తెల్లగా మెరుస్తోంది. కింద వాగు మోరీ వంతెన మీద, విత్తనాలకు వేసే సీడు పత్తి చేన్లకు పోయే ఆడవాళ్లు ఆటో దిగుతున్నారు, పది మంది ఉంటారు. పిన్ను తెగితే, హుక్కుకు తోడుగా కట్టిన గొలుసు ఒక్కటే మిల్లర్‌ను ఆపేది కాదు. పక్కనేమో మా అక్క. ఆ నిమిషం నేను భయపడింది దయ్యానికి కాదు, నా మీద నాకే భయం వేసింది.

సీటు కింద ఇంకో పిన్ను ఉంది, చాచా నేర్పిన అలవాటే. అది మార్చా. అక్క కొంగు నడుముకు చెక్కి నాతో పాటు బస్తాలు పట్టింది. పదిహేను బస్తాలు పక్క చేనులోని కొట్టంలో పెట్టాం. ఈసారి ఎడమ చెయ్యి పెట్టి చూశా. నాలుగు వేళ్లూ పట్టాయి.

ఎక్కి బండి స్టార్ట్ చేశా గానీ గేరు వేయబుద్ధి కాలేదు. ఊరికే కూర్చున్నా. అప్పుడు రేకు మీద రెండు చరుపులు పడ్డాయి, మెల్లగా, ఒకదాని వెంట ఒకటి.

"మళ్లా ఎవరో కొట్టిన్రు. ఈపారి రెండు" అంది అక్క. ఆమెకు ఈ సైగల సంగతి అసలు తెలియదు. నేను ఏడుస్తూ, నవ్వుతూ దిగుడు దిగా. బస్తాలు మోసి నాకు తల తిరిగిందనుకుంది అక్క.

స్లాబు పొద్దుగూకేలోపు పూర్తయింది. మిగతా బస్తాలు రెండో ట్రిప్పులో తెచ్చా. వాన నాలుగు చినుకులు రాల్చి పోయింది.

తర్వాత అన్నీ చేసి చూశా. గొలుసు ఊపి కొట్టా, టంగుమంది. బస్తా జార్చా, దబ్బుమంది. అరచేత్తో చరిస్తేనే ఆ మోత వచ్చింది. దయ్యాలు లేవనే ఇప్పటికీ అంటా.

ఇప్పుడు నాలుగు వేళ్లు పట్టనిదే బండి కదలదు. ఆ చరుపూ మళ్లీ వినపడలేదు. చాచా మీద మరీ బెంగ పుట్టిన రోజు మాత్రం, ఒక పది బస్తాలు ఎక్కువ వేసి చూద్దామా అనిపిస్తుంది. ఇంతవరకూ వేయలేదు.