తాలు బుట్ట, పదమూడో ఎక్కం

ఏడేళ్లపాటు నా బుర్రకు పదును పెట్టుకుంటున్నానని అనుకున్నాను. కత్తికి సాన పట్టేవాడు ఎక్కడో ఒకచోట ఆపుతాడు. నేను ఆపలేదు. చివరికి చేతిలో పిడి మిగిలింది.

ఈ తెలివితక్కువతనాన్ని ముందే ఒప్పేసుకుంటే తక్కినది చెప్పడం సులువు. గుంటూరులో ఇంజినీరింగ్ చదవడానికి వెళ్లి మొదటి ఏడాదే గంజాయి మొదలుపెట్టాను. మా తాత గంజి తాగి పొలం సంపాదించాడు. నేను ఆ గంజికి ఇంకో అక్షరం తగిలించి చదువు పోగొట్టుకున్నాను. ఆ తర్వాత దగ్గు లేకుండానే దగ్గు మందు, నిద్ర బాగా పడుతున్నా నిద్రమాత్రలు. మిగతావాళ్లంతా చెడిపోతున్నారు, నేను మాత్రం పరిశోధన చేస్తున్నానని గట్టి నమ్మకం. మత్తులో తట్టిన గొప్ప ఆలోచనలన్నీ ఒక పొడుగు నోటుబుక్కులో రాసేవాణ్ణి. ఇవాళ కాకపోతే రేపు ప్రపంచం వెతుక్కుంటూ వస్తుందని దాన్ని ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాను. అన్నీ మానేశాక తీసి చూస్తే మొదటి పేజీలో ‘తలుపు అంటే ఏమిటి?’ అని ఉంది. తర్వాత మూడు పేజీలు ఖాళీ. అయిదో పేజీలో ‘అదే’ అని రాసి, కింద రెండు గీతలు కొట్టి ఉన్నాయి.

మాన్పించే ఆసుపత్రిలో నలభై అయిదు రోజులున్నాను. వాంతులు, వణుకు, చెమటలు, అవన్నీ ఎలాగో గడిచాయి. ఒంట్లోంచి మందు ఖాళీ చేసి వెళ్లిపోయింది గానీ, అద్దెకున్నవాడు పోతూ పోతూ ఫ్యాను కూడా విప్పుకుపోయినట్టు, బుర్రలోంచి కొన్ని సామాన్లు పట్టుకుపోయింది. పేపర్లో ఒక వార్త చదవడం మొదలుపెడితే మూడో వాక్యానికి మొదటి వాక్యం జారిపోయేది. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే పెదవులు కదలడం కనిపించేది, అర్థం వెనకాల బస్సులో వచ్చేది.

డాక్టరమ్మను అడిగాను. “ఇదంతా మళ్లీ వస్తుందాండీ?”

“కొంత వస్తుంది. ఎంతన్నది నేను చెప్పలేను. నిద్రపోండి, నడవండి, ఒకసారికి ఒకే పని చెయ్యండి. గుర్తుండవు అనుకున్నవి రాసుకోండి” అని జేబులో పట్టేంత చిన్న పుస్తకం ఒకటి ఇచ్చారు. అలా నా జీవితంలోకి రెండో నోటుబుక్కు వచ్చింది. ఇందులో తత్వం లేదు. ‘పళ్లు తోముకున్నాను’ అని ఉండేది. లేకపోతే రెండుసార్లు తోముకునేవాణ్ణి.

మా ఊరు సత్తెనపల్లి నుంచి అమరావతి వెళ్లే దారిలో, రోడ్డుకి కాస్త లోపలికి. అటు పత్తి, ఇటు మిరప. మిరప పండే ఊళ్లో మరపు పండించినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇంటికొచ్చాక మొదటి నెలలు ఒక్కచోట కూర్చోలేకపోయాను. కాళ్లు పీకేవి. కుర్చీలో కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎందుకు లేచానో తెలిసేది కాదు. అన్నం సగంలో లేచి వాకిట్లోకి వెళ్లి, చెయ్యి కడుక్కుని వచ్చి, మళ్లీ వడ్డించమనేవాణ్ణి. అమ్మ వడ్డించేది. కాలవ గట్టు మీద పొద్దున ఒకసారి, ఎండలో ఒకసారి, సాయంత్రం రెండుసార్లు నడిచేవాణ్ణి. ఊళ్లో కొందరు నేను సర్వేకి వచ్చానని, రాజధాని రోడ్డేదో ఇటు పడుతోందని అనుకున్నారట.

ఆ రోజుల్లో నాకు పరీక్షాధికారి మా బాబాయి. నాన్నకు తమ్ముడు. ఊరి రెండో చివర ఉంటాడు. మనిషి చెడ్డవాడు కాదు, కాకపోతే ఎవరింట్లో ఏ రోగమున్నా దాన్ని రోజూ కదిపి చూడకపోతే తోచదు. బండి స్టాండు వేస్తూనే మొదలుపెట్టేవాడు.

“ఏరా, పదమూడో ఎక్కం చెప్పు.”

పన్నెండు దాకా ఎవడైనా చెప్తాడని ఆయన సిద్ధాంతం. నేను పదమూడు ఒకట్ల పదమూడు దగ్గర బయల్దేరి, ఆర్లు డెబ్భై ఎనిమిది దాకా ఈడ్చుకుంటూ వెళ్లి, అక్కడ ఆగిపోయేవాణ్ణి. మళ్లీ మొదటికి రమ్మనేవాడు. మళ్లీ అక్కడే ఆగేవాణ్ణి. ఆయన నాన్నవైపు తిరిగి తల అడ్డంగా ఊపేవాడు. ఆ తర్వాత టీ కొట్టు దగ్గర ఫలితాలు ప్రకటించేవాడు. ఇవాళ నాలుగు దగ్గరే ఆగాడని అబద్ధం కూడా చెప్పేవాడు.

నాన్న మాత్రం ఏమీ అడిగేవాడు కాదు. అదే ఎక్కువ భయంగా ఉండేది. ఒకరోజు పొద్దున్నే కాఫీ తాగుతూ, “ఈసారి కళ్లం నువ్వు చూసుకో” అన్నాడు. కోసిన మిరపకాయల్ని నేలమీద పరిచి ఎండబెట్టే చోటు కళ్లం. పొద్దున పరవాలి, సాయంత్రం మంచు పడకముందు కుప్ప చేసి పట్టా కప్పాలి, మధ్యలో మబ్బు పడితే పరుగెత్తాలి. చదువు రానివాళ్లు, చెవులు వినపడనివాళ్లు కూడా చేసే పని. ఆరోజు పుస్తకంలో ‘కళ్లం నాది’ అని రాసుకుని, కింద రెండు గీతలు కొట్టాను. పాత అలవాటు.

పదకొండు రోజులు బాగానే చేశాను. పన్నెండో రోజు మధ్యాహ్నం నాన్న మోటారు బాగుచేయించడానికి సత్తెనపల్లి వెళ్లాడు. కొండవీటి వైపు నుంచి మబ్బు లేచింది. చూశాను. పట్టాలు తేవాలనుకున్నాను. రేకుల షెడ్డులోకి పరుగెత్తాను. అక్కడ పట్టాల మీద ఒక తాడు చిక్కుపడి ఉంది. ముందు తాడు తీద్దామని దాని చిక్కు విప్పడం మొదలుపెట్టాను. ఒక ముడి విప్పాను, రెండోది విప్పాను. ఎన్నో నెలల తర్వాత నా చేతులు ఒక పని మీద నిలిచాయి. ఎంత హాయిగా ఉందో. ఇంతలో పైన రేకుల మీద టపటపా చప్పుడు. ఈ చప్పుడు ఎంత బాగుంది అనుకున్నాను. ఈ చప్పుడుకీ నాకూ ఏదో సంబంధం ఉండాలే, ఏమిటది, అని కూడా ఆలోచించాను. ఆలోచిస్తూ మూడో ముడి విప్పాను.

గుర్తొచ్చేసరికి కళ్లంలో కాయలు తేలుతున్నాయి.

నాన్న తిరిగొచ్చి, తడిసిన కాయని ఒకటి తీసి నొక్కి చూసి, మళ్లీ అక్కడే పెట్టాడు. నేను తాడు చేత్తో పట్టుకుని నిలబడే ఉన్నాను. ఒక్క చిక్కు లేకుండా ఉంది.

ఎండ వచ్చాక మళ్లీ పరిచాం. కానీ తడిసిన కాయ తన రంగు తాను నిలుపుకోలేదు. మూడు వంతుల్లో ఒక వంతు తెల్లబడి తాలైపోయింది. బాబాయి వచ్చి కుప్ప చుట్టూ ప్రదక్షిణం చేసి, నాకు వినపడేలాగే నాన్నతో అన్నాడు. “కాయ తాలైతే ఏరి పక్కన పెట్టొచ్చు. మనిషే తాలైతే ఏం చేస్తాం అన్నాయ్.”

మర్నాడు ఏరడానికి వచ్చిన ఆడవాళ్ల మేస్త్రితో నాన్న, వీణ్ణి కూడా కూర్చోబెట్టు అన్నాడు.

ఆ మేస్త్రి మా ఊరి ముస్లిమావిడ. ఊరంతా చాచీ అనే పిలుస్తాం. ఆవిడతో కలిపి ఎనిమిది మంది వస్తారు. ఘాటు తగలకుండా ముక్కుకి, నోటికి తువ్వాలు చుట్టుకుని, కుప్పకి ఇటు నలుగురు అటు నలుగురు కూర్చుంటారు. ఎర్రకాయ కుడివైపు, తాలుకాయ ఎడమవైపు బుట్టలో. నేను తొమ్మిదోవాణ్ణి. గంట తిరిగేసరికి ఏడుసార్లు లేచాను, పదకొండుసార్లు తుమ్మాను. ఏ బుట్ట దేనికో మర్చిపోయి మంచి కాయని తాలులో, తాలుని మంచిలో వేసి, రెంటినీ సమానంగా చూసుకున్నాను. ఒకావిడ చూసి పకపకా నవ్వింది. చాచీ నవ్వలేదు. తన అన్నం క్యారేజీ తెచ్చి నా ఎడమ బుట్ట పక్కన పెట్టింది.

“క్యారేజీ కాడుండేది తాలు బుట్ట. ఆకలేస్తే అదే గుర్తొచ్చిద్ది.”

నా చేతులకేసి చూస్తూ మరో మాట అంది. “తాలుకాయని ఎతకమాక. ఎర్రకాయల్నే చూస్తా ఉండు. తాలుది దానంతటదే కంటికి అడ్డమొచ్చిద్ది.”

ఆసుపత్రిలో చెప్పనిది అదొక్కటే. అప్పటిదాకా రోజంతా నా బుర్రలో ఏది పోయిందో, ఏది చెడిందో వెతుక్కోవడమే పని. రెండు రోజులకు చెయ్యి కుదిరింది. లేవడం ఏడుసార్ల నుంచి నాలుగుకు దిగింది. వేళ్లు మండేవి, కొబ్బరినూనె రాసుకునేవాణ్ణి. ఆ చేత్తోనే కన్ను నలుపుకుని, ఎందుకు మండుతోందో అర్థంగాక తిరిగేవాణ్ణి. అది మాత్రం జబ్బు కాదని, కొత్తవాళ్లందరూ చేసే పనేనని వాళ్లే ధైర్యం చెప్పారు.

వాళ్ల మాటలు ఆగేవి కావు. ఎక్కువగా టీవీ సీరియల్ గురించి. వాళ్లలో ఒకామె ఇంట్లో టీవీ చెడిపోయింది. ముందురోజు కథ ఎవరో ఒకరు చెప్పాలి, నలుగురు నాలుగు రకాలుగా చెప్పి కొట్లాడుకునేవాళ్లు. ఒకరోజు చాచీ, ఈ అబ్బాయి రోజూ చూసొచ్చి చెప్తాడు, మీరు నోళ్లు మూసుకోండి అని తీర్పిచ్చింది. ఆ సాయంత్రం అమ్మ పక్కన కూర్చుని సీరియల్ చూశాను, జేబు పుస్తకం తీసి రాసుకుంటూ. చిన్న కోడలు ఏ పెట్టెలో ఏం దాచిందో, పెద్ద కోడలికి ఎవరు చెప్పారో. అమ్మ నన్ను ఓరగా చూసింది. మర్నాడు కళ్లంలో పుస్తకం చూసి చెప్పాను. వారం అలాగే. రెండో వారం ఒకరోజు పుస్తకం ఇంట్లో మర్చిపోయాను. ఎనిమిది తువ్వాళ్ల పైనుంచి పదహారు కళ్లు నన్నే చూస్తున్నాయి. మొదలుపెట్టాను. ఎక్కడా ఆగకుండా, ఆ పెట్టె తాళం అత్తగారి చేతికి దొరికేదాకా చెప్పేశాను. ఇంజినీరింగ్‌లో పద్నాలుగు సబ్జెక్టులు మిగుల్చుకున్నవాణ్ణి, సీరియల్‌లో ఫస్టు క్లాసులో పాసయ్యాను.

దాంతో అంతా తిరిగొచ్చేసిందని చెప్పను. రాలేదు. ఇప్పటికీ పుస్తకంలో పది పేజీలు చదివితే పదకొండోది చదివేది వేరే ఎవరో అనిపిస్తుంది. మనుషుల పేర్లు నాలుక చివర నిలబడి లోపలికి రామంటాయి. కాళ్లు కూడా పూర్తిగా మాట వినవు. ఇది రాస్తూ ఆరుసార్లు లేచాను. కానీ తర్వాతి పంటకు నాన్న మళ్లీ, కళ్లం చూసుకో అన్నాడు. ఈసారి పుస్తకంలో రాసుకోలేదు.

ఆ పంటలోనే, ఒక పొద్దున కాయలు ఏరుతుండగా బాబాయి వచ్చాడు. మామూలుగా పదమూడో ఎక్కం అడగబోయి, ఫోను మోగితే ఆగాడు. తుళ్లూరు వైపు స్థలం సంగతి. ఆ విషయం వస్తే ఆయన కూర్చోలేడు. నాకంటే ఎక్కువ నడుస్తాడు. కళ్లం చుట్టూ తిరుగుతూ, గజాల గురించి అరుస్తూ, చేతులు ఊపుతూ, మా దగ్గరికొచ్చి వంగి, ఒక ఎర్రకాయ తీసి విరిచి వాసన చూసి, మళ్లీ వెళ్లాడు. ఫోను అయ్యాక జేబులు తడుముకున్నాడు. బండి తాళం లేదు.

చొక్కా జేబు, ప్యాంటు జేబు, బండి, కుర్చీ కింద, మళ్లీ చొక్కా జేబు. ఎండ ఎక్కుతోంది. ఆయన ముఖం కాయ రంగుకొచ్చింది. చివరికి ఆడవాళ్లవైపు తిరిగి, “ఈడనే పెట్టా. ఎవురన్నా తీశారేమో చూసుకోండి” అన్నాడు.

ఎనిమిది జతల చేతులు ఆగిపోయాయి. చాచీ తువ్వాలు సర్దుకుంది, పైకి చూడలేదు.

నాకు తెలుసు తాళం ఎక్కడుందో. కాయ తీయడానికి వంగినప్పుడు, రెండో చేతిలో ఫోనుండటం వల్ల, ఈ చేతిలో తాళాన్ని క్యారేజీ పక్కన బుట్టలో పడేశాడు. నేను చూశాను. చూడటం గొప్ప కాదు, నేను చాలా చూస్తాను. పావుగంట తర్వాత కూడా అది నా దగ్గరే ఉండటం గొప్ప.

“ఇంటికాడ బయల్దేరిన దగ్గర్నుంచి వరసగా చెప్పు బాబాయ్” అన్నాను. డాక్టరమ్మ నన్ను అలాగే అడిగేవారు.

ఆయన రెండు ముక్కలు చెప్పి తడబడ్డాడు. టీ కొట్టు ముందా, పాలకేంద్రం ముందా తేలలేదు.

“పోనీ ఇది చెప్పు. పదమూడో ఎక్కం. చెప్తే తాళం ఎక్కడుందో చెప్తా.”

“ఒరేయ్, ఎండలో ఆటలేంట్రా” అన్నాడు. నేను ఎర్రకాయల్నే చూస్తూ ఏరుకుంటున్నాను. వేరే దారి లేక మొదలుపెట్టాడు. ఒకట్ల పదమూడు, రెళ్లు ఇరవయ్యారు, దర్జాగానే నడిచాడు. ఆర్లు డెబ్భై ఎనిమిది దగ్గరికొచ్చి ఆగాడు. ఆకాశం చూశాడు. బండివైపు చూశాడు. పెదవులు కదిలాయి, అంకె రాలేదు.

“మళ్లీ మొదటికి రా బాబాయ్” అన్నాను మెల్లగా.

రెండోసారీ అక్కడే ఆగాడు. అప్పుడు అర్థమైంది నాకు. ఇన్నాళ్లుగా నన్ను అక్కడిదాకా తెచ్చి ఆపింది నా బుర్ర ఒక్కటే కాదు. ఆ పైన ఆయనకీ తెలియదు. నేను తప్పు చెప్పినా, ఒప్పు చెప్పినా, పట్టుకోలేకపోయేవాడు.

“తొంభై ఒకటి” అంది చాచీ, తల ఎత్తకుండానే.

నేను తాలు బుట్టలోంచి తాళం తీసి తువ్వాలుతో తుడిచి ఇచ్చాను. కారం అంటిన చేత్తోనే తుడిచానన్నది ఇచ్చాక గుర్తొచ్చింది. ఆయన తీసుకుని, చెమటకి కళ్లు తుడుచుకుంటూ బండి ఎక్కాడు. రోడ్డు మలుపు తిరిగేలోగా రెండుసార్లు ఆపి, కళ్లు నలుపుకోవడం మేం తొమ్మిది మందిమీ చూశాం. నలపకు బాబాయ్, ఇంకా మండుద్ది అని కేకెయ్యాలని నాకు తెలుసు. ఆ ఒక్కటీ మర్చిపోయాను.