మూడంగుళాల పైపు

మా నాన్న దూది ఏకేవాడు. చిలకలూరిపేటలో మా ఇంటి వరండాలో పరుపులకు దూది ఏకుతుండగా ఒకసారి ఎవరో పారేసిన బీడీ ముక్క నుంచి నిప్పు అంటుకుంది. మంట పైకి లేవలేదు. కుప్ప మీద నీళ్లు పారినట్టు పాకింది. నాన్న గోనెపట్టా కప్పి తొక్కేలోగా కుప్పంతా నల్లబడిపోయింది. అప్పటికి నాకు ఏడేళ్ళో ఎనిమిదేళ్ళో. ఆ రోజు నుంచి పత్తి ఉన్నచోట చిన్న చిటపట వినిపించినా నా ఒళ్ళు జలదరిస్తుంది.

అలాంటిదాన్ని పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివి, అన్నయ్యతో కలిసి పత్తి మిల్లులకే కరెంటు పనులు చేస్తున్నాను. లైసెన్సు అన్నయ్యది. ఏ మిల్లుకు ఎంత కరెంటు కావాలి, దానికి ఏ సైజు కేబుల్, ఆ కేబుల్‌కి ఎంత పైపు అన్న లెక్క నాది.

హైవే మీద పత్తి నుంచి గింజలు వేరుచేసే ఒక జిన్నింగ్ మిల్లు వాళ్ళు కొత్త యంత్రాలు తెప్పించారు. పాత కరెంటు సర్వీసు చాలదు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించుకుని, అక్కడి నుంచి యంత్రాలకు కరెంటు పంచే ప్యానెల్ గదికి కొత్త కేబుళ్లు లాగాలి. మధ్యలో లారీల నుంచి పత్తి దించే ప్లాట్‌ఫారం ఉంది. దాని కింద నుంచి పైపులు వేయాలి. భూమిలో, పైపులో ఉన్న కేబుల్‌కి గాలి తగలదు. వేడి లోపలే ఉండిపోతుంది. అందుకని మామూలుగా సరిపోయే దానికంటే ఒక సైజు పెద్ద కేబుల్ చెప్పాను. రెండు వరసలు, ఒక్కోటి రెండున్నర అంగుళాల లావు. ఒక్కోదానికి నాలుగంగుళాల పైపు వేయమని చెప్పాను.

కేబుల్ డ్రమ్ములు దిగిన రోజు వెళ్ళి చూస్తే పైపుల మీద కాంక్రీటు పోసేసి ఉంది. బయటికి కనిపిస్తున్న పైపు మూతులు చిన్నవిగా అనిపించాయి. టేపు పెట్టాను. మూడంగుళాలు.

"నాలుగు దొరకలేదమ్మా, ఉన్నవి వేశాం," అన్నాడు కాంక్రీటు పని చూసే మేస్త్రీ. "రెండున్నర మూడులో పట్టదా ఏంటి?"

అన్నయ్య కూడా అదే అన్నాడు. "పడుతుందిలేవే. సబ్బునీళ్లు పోసి లాగేద్దాం."

"తిన్నగా ఉంటే దూరుతుందన్నా. ప్యానెల్ గది దగ్గర పైపు వంపు తిరిగే బెండు ఉంది. అక్కడ పట్టేస్తుంది. దూరినా వేడి పోదు."

"ఇప్పుడేం చేద్దామంటావు? ప్లాట్‌ఫారం పగలగొట్టమని చెప్పనా?"

గేటు బయట అప్పటికే పత్తి లారీలు నిలబడి ఉన్నాయి. మిల్లు యజమాని పెద్దాయన. మా మాటలు విని, "ఏమ్మా, ఒకసారి లాగి చూడండి. కాకపోతే అప్పుడాలోచిద్దాం," అన్నాడు. కాదనడానికి నా దగ్గర లెక్క తప్ప ఇంకేం లేదు. అన్నయ్య పెద్దవాడు, పని నడిపేవాడు.

నేను ట్రాన్స్‌ఫార్మర్ వైపు, డ్రమ్ము దగ్గర నిలబడ్డాను. అన్నయ్య అవతల ప్యానెల్ గది దగ్గర. కేబుల్ కొసకి ఇనుప వల తొడిగి, దానికి ఇనుప తాడు కట్టి, పైపులోంచి అవతలికి పంపాం. మొదట మనుషులే లాగారు. బెండు దాకా మెల్లగా వెళ్ళింది. తర్వాత ఆగిపోయింది. పదిమంది పట్టినా కదల్లేదు.

కాసేపటికి ట్రాక్టర్ చప్పుడు వినిపించింది. తాడును ట్రాక్టర్‌కి కట్టారని అర్థమైంది. నా చేతికింద కేబుల్ ఒక్కసారి జర్రున జరిగి, మళ్ళీ బిగుసుకుంది. బిగుసుకుని సన్నగా వణకడం మొదలుపెట్టింది. ఆ వణుకు నా అరచేతుల్లోంచి మోచేతుల దాకా పాకింది. ఫోను తీసి అన్నయ్యకు చేశాను.

"అన్నా, ఆపు! ట్రాక్టర్ ఆపించు!"

"ఏంటే? వినపడట్లా. ఉండు, ఇటు వస్తున్నా..."

ఠాప్ మని పెద్ద చప్పుడు. రేకు మీద ఏదో బలంగా కొట్టిన మోత. ఆ తర్వాత ఫోనులో ట్రాక్టర్ చప్పుడు తప్ప మనిషి గొంతు లేదు.

"అన్నా! అన్నా!"

చెప్పులు ఎక్కడ వదిలేశానో తెలియదు. పత్తి కుప్పల మధ్య నుంచి పరిగెత్తాను. కాళ్ళు పత్తిలో దిగబడుతున్నాయి. ఎంత పరిగెత్తినా ఆ ప్లాట్‌ఫారం తరగడం లేదు. వదినకి ఏం చెప్పాలి అన్న మాట ఒక్కటే బుర్రలో తిరుగుతోంది. ఎదురొచ్చిన కూలీ ఆడవాళ్ళు ఏదో అడుగుతున్నారు. వినపడుతోంది, అర్థం కావడం లేదు.

అన్నయ్య గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది. తాడు తెగి, పాము కొట్టినట్టు కొట్టి, ప్యానెల్ గది ఇనుప తలుపుకు లోతుగా సొట్ట పెట్టింది. సొట్ట నా రొమ్ము ఎత్తున ఉంది. ఫోనులో నా గొంతు వినపడక పక్కకు జరగకపోతే అన్నయ్య ఉండే చోటు అదే.

"ఒరేయ్, బండి ఆపరా ముందు!" అని ట్రాక్టర్ వాడి మీద ఎవరో అరిచారు.

అన్నయ్య నన్ను చూసి నవ్వబోయాడు. నవ్వు రాలేదు. మెల్లగా గోడ వెంట జారి కింద కూర్చున్నాడు. "ఏం కాలేదే. నాకేం కాలేదు," అంటూనే ఉన్నాడు. పెదాలు తెల్లగా పాలిపోయాయి. నేను అతని చేతులు, మెడ, తల తడిమి చూశాను. రక్తం లేదు. అప్పుడు ఏడ్చాను.

మర్నాడు కేబుల్‌ను వెనక్కి లాగించాం. బెండు దగ్గర నలిగినచోట పైనున్న నల్లతోలు చెరకు చెక్కినట్టు లేచిపోయింది. దాని కింద రక్షణగా చుట్టిన ఇనుప తీగలు విచ్చుకుని ఒకటి లోపలికి గుచ్చుకుంది. నేను కత్తితో ఇంకాస్త తెరిచాను. కరెంటు పారే తీగ మీద ఉండాల్సిన పొర చీలి ఉంది.

నాకు అసలు భయం అప్పుడు పట్టుకుంది. తాడు తెగకపోయి ఉంటే ఆ కేబుల్ లోపలికి వెళ్ళిపోయేది. దెబ్బ కాంక్రీటు కింద దాగి ఉండేది. కరెంటు ఇచ్చిన రోజు ఏమీ కాకపోవచ్చు కూడా. పైపులోకి వాన నీళ్లు దిగాక, ప్లాట్‌ఫారం నిండా పత్తి, దాని మీద ఆడవాళ్ళు ఉన్న రోజున...

పెద్దాయన వంగి ఆ చీలికను చాలాసేపు చూశాడు. "చెప్పమ్మా, ఏం చేద్దాం?"

"పైపులు వదిలేద్దామండి. ప్రహరీ గోడ వెంట ఇనుప ట్రే కొట్టి, కేబుళ్లు పైనుంచి తీసుకెళదాం. గాలి తగులుతుంది, వేడి నిలవదు. చుట్టుదారి కాబట్టి పొడవు పెరుగుతుంది. ఆ పొడవుకు మళ్ళీ లెక్క వేసి చెబుతా."

"లారీలు ఆగుతాయిలే. నువ్వు లెక్క చూడు."

లెక్క ఒకటికి రెండుసార్లు వేశాను. అదే సైజు సరిపోయింది. దెబ్బతిన్న ముక్క కోసి పారేసి, కొత్తది తెప్పించాం. రెండు కేబుళ్ల మధ్య జానెడు ఎడం వదిలి ట్రే మీద కట్టాం.

కరెంటు ఇచ్చే రోజు అన్నయ్య ప్యానెల్ ముందు నిలబడి, "నువ్వు బయటికెళ్ళు," అన్నాడు.

"వెళ్ళను."

"చెప్తే వినవు కదా." అతని చెయ్యి స్విచ్ మీద ఉంది, కానీ కదలడం లేదు. నుదుటి మీద చెమట. ఇన్నేళ్ళలో అన్నయ్యను స్విచ్ ముందు అలా చూడటం అదే మొదలు. నేను దగ్గరగా వెళ్ళి నిలబడ్డాను. స్విచ్ పైకి వేశాడు. ఒక్కో యంత్రమూ లేచింది. ఏ చిటపటా లేదు.

ఆ సీజనంతా ఏదో పని కల్పించుకుని ఆ మిల్లుకు వెళ్ళేదాన్ని. యంత్రాలన్నీ తిరుగుతుండగా ట్రే దగ్గర నిచ్చెన వేసుకుని కేబుల్ మీద అరచెయ్యి పెట్టేదాన్ని. ఎప్పుడూ గోరువెచ్చగానే ఉండేది. ఉంటుందని తెలుసు, లెక్క కూడా అదే చెప్పింది. అయినా చెయ్యి పెట్టబోయే ముందు ప్రతిసారీ ఊపిరి బిగబట్టేదాన్ని.

ఒక రోజు దిగి చూస్తే నిచ్చెన కింద అన్నయ్య నిలబడి ఉన్నాడు.

"ఎలా ఉంది?" అన్నాడు.

"బాగానే ఉంది."

"జరుగు, నేనూ చూస్తా," అని నిచ్చెన ఎక్కాడు.