విమలమ్మ టీచర్ శనివారం పీరియడ్

నా పేరు కృపాకర్. రాయడం తేలికే, పలకడమే గండం. నా నోట్లో ‘ర’ నిలవదు, ‘ల’ అయి జారిపోతుంది. పైగా మొయినాబాద్ దగ్గర ఒక హైస్కూల్లో సాంఘికశాస్త్రం సారును. ‘రాజు’ అనాల్సిన చోట పాలకుడనేవాణ్ణి. రెండు ‘ర’లున్న మా జిల్లా పేరు అడిగితే గోడమీది పటం చూపించి పిల్లలతో చదివించేవాణ్ణి. పిల్లలతోనే చెప్పించే పద్ధతి బాగుందని హెడ్మాస్టర్ మెచ్చుకున్నాడు కూడా.

ఒకరోజు ‘లాష్ట్లపతి’ బయటపడింది. క్లాసంతా నవ్వింది. పాఠం చెప్పనక్కరలేని ఆఫీసు పనికి మార్చమని దరఖాస్తు రాసుకుని, తెలుగు చెప్పే విమలమ్మ టీచర్‌కు చూపించాను.

ఆమెది పక్కనే ఉన్న చిన్న మంగళారం ఊరు. ముందు పన్ను ఊడినప్పటి నుంచి ‘స’ పలికితే ఈల వస్తుంది. దాని మీద తానే ఒక నోరు తిరగని వాక్యం కట్టి పిల్లలకు నేర్పేసింది. శనివారం చివరి పీరియడ్ అంతా ఇలాంటి వాక్యాలే. పుస్తకంలోవి కావు, క్యారెట్ మళ్లనుంచి, పూలతోటలనుంచి పిల్లలు తెచ్చిన మాటలతో అల్లినవి. తప్పినవాణ్ణి చూసి నవ్వకూడదు, ‘మళ్లా’ అనాలి. మూడుసార్లు తప్పితే, తప్పిన అక్షరంతోనే కొత్త వాక్యం కట్టాలి. ఆ గౌరవం కోసం కావాలని తప్పేవాళ్లూ ఉన్నారు.

“దరఖాస్తు సోమవారం ఇయ్యుండ్రి సారూ. శనివారం జర మా క్లాసుకు రాండ్రి,” అంది.

వెళ్లాను. ఆమె ఇచ్చిన వాక్యాన్ని మూడుసార్లూ తప్పాను. మూడుసార్లూ ‘మళ్లా’ అన్నారు.

“ఇగ మీరే కట్టాలె సార్,” అంది ఎనిమిదో తరగతి జెన్నీ, ఏమాత్రం దయ లేకుండా.

పావుగంట తంటాలు పడి, బడి ముందు రేలచెట్టు రాల్చే పచ్చటి పూలను తలుచుకుని బోర్డు మీద రాశాను: రాళ్ల మీద రేల రాలె, రేల మీద రాళ్లు రాలె.

జెన్నీ గబగబా అందుకుంది. లాళ్ల మీద లేల లాలె అయింది. పక్కపిల్లకు రేల కాస్తా లేర అయింది. కాసేపటికి నలభై నోళ్లూ నా నోరులాగే అయిపోయాయి. విమలమ్మ టీచర్ కూడా తప్పింది, “ఇంకోసారి” అంది ఈలతో సహా.

సోమవారం నా క్లాసులో ‘రాష్ట్రపతి’ని నోటితోనే పలికాను. సగమే వచ్చింది. వెనక బెంచీ నుంచి ఎవరో నెమ్మదిగా “మళ్లా సార్” అన్నారు. మళ్లీ అన్నాను. ఈసారి ఇంకొంచెం వచ్చింది. పాఠం ముందుకు సాగింది.

సాయంత్రం విమలమ్మ టీచర్‌కు దరఖాస్తు ఇవ్వలేదని చెప్పి, మీ మేలు మరువలేనంటూ మొదలుపెట్టబోయాను. ఆమె చేయి అడ్డం పెట్టింది.

“గవన్నీ ఎందుకు గని, వచ్చే శనివారం గూడ రాండ్రి. తొమ్మిదో క్లాసోళ్లు మీకంటె ఘోరం.”