గుంతల వీధిలో ఆదివారం భోజనం

ఆ రోజుల్లో నెల్లూరు మొత్తం మీద నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి లేడు. పులికాట్ సరస్సు పక్కన, ఇసుకదారి తప్ప మరో దారి ఎరగని చేపలవాళ్ళ పల్లె నుంచి వచ్చి, నగరంలో రోడ్లు చూసే ఇంజినీరు ఉద్యోగంలో కొత్తగా చేరాను. (తారు రోడ్డు లేని ఊరివాడికి తారు రోడ్లు అప్పగించడంలో ఏం ఆలోచన ఉందో నాకిప్పటికీ అంతుపట్టలేదు.) మేడ మీద ఒంటి గది. సాయంత్రాలు టీ కొట్టు దగ్గర అక్కర్లేకపోయినా ఇంకో టీ చెప్పేవాణ్ణి, కాసేపు మనుషుల మధ్య నిలబడవచ్చని. అమ్మ ఫోన్ చేసి, "ఎవురన్నా స్నేహం అయినారా నాయనా?" అంటే, "చాలామంది" అనేవాణ్ణి. ఆ చాలామందిలో ఒకరు టీ కొట్టాయన, మిగతావి ఆయన గ్లాసులు.

వార్డులో వీధి వీధీ తిరిగి, ఈ ఏడు మరమ్మతు డబ్బు దేనికి పెట్టాలో రాయడం నా పని. వచ్చేది ఒక్క వీధికి సరిపడా. ఈ సంగతి ఎలా పొక్కిందో గానీ, అందరూ గుంతల వీధి అని పిలిచే ఒక వీధి నన్ను నెత్తిన పెట్టుకుంది. నేను టేపుతో గుంత లోతు కొలుస్తుంటే ఒక పెద్దాయన అందులో పడి చూపించాడు. "నిన్న గూడా ఇట్నే పడినా సార్" అంటూ లేచి, నేను సరిగ్గా చూడలేదేమోనని మళ్ళీ పడ్డాడు. పక్కింటి గుమ్మంలోంచి ఒకావిడ, "చాల్లే మామా, నడుము పోతాది!" అని ఆయన్ని కసిరి, నా వైపు తిరిగి, "ఏం అబ్బయ్యా, ఎండలో తిరగతా ఉండావు, తిన్నావా?" అంది. ఆ ఊళ్ళో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడ. కారందోసె పెట్టింది. కళ్ళు చెమరిస్తే కారం అని చెప్పాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం భోజనం ఆ అక్క ఇంట్లోనే. (వెళ్ళింది కొలతలకే. లోకంలో ఏ గుంతలనీ ఎవరూ అంత శ్రద్ధగా కొలిచి ఉండరు.)

గుంతల వీధి పేరే రాసి పట్టుకెళ్తే, మా పై ఇంజినీరు గారు కళ్ళజోడు తీసి నన్ను జాలిగా చూశారు. "అది చచ్చిపోయిన రోడ్డయ్యా. తవ్వి మొదటినించీ వెయ్యాల. మనకొచ్చే దుడ్డు సగానికి గూడా చాలదు. ఇంకా ప్రాణముండే రోడ్డు చూడు. సన్న పగుళ్ళు వచ్చినప్పుడే పైపూత వేస్తే, వానలకు చెడకుండా నిలబడతాది."

"మరి గుంతల వీధి వాళ్ళు, సార్?"

"పెద్ద నిధులు వచ్చేదాకా గుంతల్లో కంకర కొట్టించు."

ఆ మాటలో తప్పు పట్టుకుందామని వారమంతా చూశాను. దొరకలేదు. చివరికి నా చేత్తోనే వేరే వీధి పేరు రాశాను. ఆ వీధివాళ్ళు నాకు మంచినీళ్ళయినా ఇచ్చినవాళ్ళు కారు. పని మొదలుపెడితే, "బాగుండే రోడ్డు మీద తారు పోస్తారా? దుడ్డు ఎక్కువైందా మీకు?" అని మీదికొచ్చారు. ఒకాయన తన కారు మీద తారుచుక్క పడిందని సాయంత్రం దాకా నాతో పోట్లాడాడు. (ఆ నెలలో నాతో అంతసేపు మాట్లాడింది ఆయనొక్కడే. వెళ్ళిపోతుంటే కాస్త వెలితిగా అనిపించింది.)

వేరే వీధి పేరు రాసిన రోజు నుంచే అక్క ఇంటికి వెళ్ళడం మానేశాను. ఆదివారాలు గదిలో అటుకులు నానబెట్టుకునేవాణ్ణి. వానలు దగ్గరపడ్డాక, కంకర వేయించడానికి ఆ వీధిలో అడుగుపెట్టక తప్పలేదు. పడి చూపించిన పెద్దాయన మొహం తిప్పుకున్నాడు. అక్క గుమ్మంలోకి వచ్చి, నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"రోడ్డు ఎయ్యకపోతే అన్నం మానేసినావా?"

"నువ్వు పెట్టింది రోడ్డు కోసమే గదక్కా" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

అక్క తడుముకోలేదు. "మొదట రోడ్డు కోసమే పెట్టినా. అబద్ధమెందుకు? తర్వాత నీకని ఒక చేపముక్క తీసి పెట్టడం అలవాటైపోయింది. పులుసు మిగిలిపోతా ఉంది. లోపలికి రా."

ఆ పూట తలెత్తకుండా తిన్నాను. పెద్ద నిధులు వచ్చి ఆ వీధికి సిమెంటు రోడ్డు పడేసరికి నాకు బదిలీ అయింది. దాని మీద నేను నడవనే లేదు.

ఇప్పుడు వేరే ఊరు, కాస్త పెద్ద కుర్చీ. భోజనానికి పిలిచేవాళ్ళకు కొదవ లేదు. ఎవరు పిలిచినా, ముందు వాళ్ళ వీధి ఎలా ఉందో వెళ్ళి చూసుకుంటాను. రోడ్డు నున్నగా ఉంటే మాత్రం, పిలిచింది నన్నేనని, ఆకలి లేకపోయినా భోజనానికి పరిగెత్తుతాను.