మాట్లాడని అరగంట

ధర్మవరంలో మగ్గం మీద పాత పడుగుకు కొత్త పడుగు పోగులు అతికే మనిషిని, ధ్యాస చెదిరితే పోగు తప్పుతుందని, ఎవరూ పలకరించరు. వీధిలోంచి పిలిచినా లోపలి నుంచి జవాబు రాదు. పిలిచినవాళ్లు తప్పు పట్టరు.

నేను ఆ ఊళ్లోనే పట్టుచీరల డిజైన్లు కంప్యూటర్లో వేసే ఆఫీసులో పనిచేస్తాను. అక్కడ ఆ మర్యాద లేదు. ఫోన్లు మోగుతూనే ఉంటాయి. వాట్సాప్‌లో అంచుల ఫొటోలు వచ్చిపడుతుంటాయి, వెంటనే ఏదో ఒకటి చెప్పాలి. అందుకని భోజనమయ్యాక అరగంట స్క్రీన్ ఆపి, ఫోన్ సొరుగులో పెట్టి, గళ్ల కాగితం ముందు ఊరికే కూర్చునేదాన్ని. కొత్త అంచు ఏదైనా అప్పుడే తోచేది. కొత్త అంచుకు జీతం మీద అదనంగా ఇస్తారు.

పక్క సీటు అమ్మాయి మగ్గాల ఇంట్లో పుట్టి పెనుకొండకు కోడలుగా వెళ్లింది. నేను హిందూపురంలో ఎక్కే రైలు ఆమె అక్కడ ఎక్కుతుంది. ఆ అరగంట ఎందుకో ఆమెకు విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

"నువ్వు పోగులు అతుక్కోక్కా. సారు వాళ్లమ్మ వచ్చి పిల్చినా పలకొద్దు, నేను చూసుకుంటా," అనేది.

మొన్న వేసవిలో మా ఆయన పోయాడు. తిరిగి పనిలోకి వచ్చాక ఆమెతో ఒక మాట అన్నాను: రోజు మొత్తంలో ఆయన గుర్తుకు రానిది ఆ అరగంటే అని. ఇంకెవరితోనూ అనలేదు.

కొన్నాళ్లకు యజమాని పిలిచాడు.

"ఏమ్మా, మనసింకా కుదురుకోలేదంట కదా. మీ ఆయన్ని తల్చుకుంటా పేపర్ ముందర కూచుండిపోతాండావంట. పక్క సీటు పిల్ల నీ గురించి శానా బాధపడింది. కొత్త అంచులు ఆ పిల్ల చూసుకుంటాదిలే. నువ్వు రంగులు నింపు, చాలు." జాలిగానే అన్నాడు.

సీటు దగ్గరికి వచ్చి ఆమెను అడిగాను.

"నీ మంచికే చెప్పినాక్కా. కొంచెం రెస్టు ఉంటాదని."

"నేనేం చేస్తాంటినో నీకు తెలుసు కదా."

ఆమె కాసేపు మౌస్ కదిపింది. "తెలుసు. నీకు ఇప్పుడు ఒక పొట్టే కదక్కా. నాకు ఇద్దరు పిల్లోళ్లుండారు."

రంగులు నింపడానికి ఆలోచన అక్కర్లేదు. చెయ్యి తన పాటికి తిరుగుతుంటుంది. పొద్దస్తమానం ఆయనే గుర్తొస్తాడు. అప్పుడప్పుడు ఆ అమ్మాయి కుర్చీ ఇటు జరుపుకుని, "ఈ అంచు చూడక్కా, ఏందో తక్కువైనట్లుండాది," అంటుంది.

ఏం తక్కువైందో నాకు కనిపిస్తుంది. బాగుందంటాను.