పదిహేడో పోర్టు

దయ్యాలూ ఆత్మలూ సూచనలూ అంటే నాకు చిన్నప్పటి నుంచీ నమ్మకం లేదు. మా అమ్మ బల్లి పడినా నాలుగు రోజులు ఆలోచించే మనిషి. నేను మాత్రం నాన్న పోలిక. ఆయన కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో కరెంటు పని చేసి రిటైరయ్యాడు. ఇంట్లో లైటు ఆరిపోతే అమ్మ దేవుడి పటం వైపు చూసేది, నాన్న ఫ్యూజు వైపు చూసేవాడు. నేను చదివిన చదువూ, చేస్తున్న ఉద్యోగమూ నన్ను ఆ దారిలోనే ఉంచాయి. అందుకే ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఇంకెవరైనా నాకు ఇలాంటిది చెబితే నవ్వి ఊరుకునేదాన్ని.

మాది తాండూరు. ఆస్పత్రుల్లో, కాలేజీల్లో కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ పని చూసే ఒక చిన్న సంస్థలో ఉద్యోగం. వికారాబాద్, తాండూరు, కొడంగల్ నా కిందికే వస్తాయి. రైల్లోనో బస్సులోనో తిరుగుతూ ఉంటాను.

ఈ పని నాకు నేర్పింది అంజయ్య సార్. వికారాబాద్ ఆయన సొంతూరు, స్టేషన్‌కు దగ్గర్లోనే ఇల్లు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో స్విచ్ అంటే భయపడేదాన్ని. ఇక్కడ స్విచ్ అంటే లైటు వేసేది కాదు. వరసగా సాకెట్లు ఉండే ఒక ఇనుప పెట్టె. ఆ సాకెట్లనే పోర్టులంటాం. బిల్డింగులోని కంప్యూటర్లు, కెమెరాలు, వైఫై డబ్బాలు అన్నిటి కేబుళ్లూ వచ్చి వాటిలోనే కలుస్తాయి.

సార్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పిన మొదటి పాఠం నాకింకా గుర్తే. "లేచేటప్పుడు అది రెండే చూస్తది బిడ్డా. ఏ సాఫ్ట్‌వేర్‌తోని లేవాలె, ఏ సెట్టింగులు సదువుకోవాలె. గా రెండు నీ చేతిల ఉంటే అది నీ మాట ఇంటది. మనం మార్చింది సేవ్ చెయ్యకుంటే మాత్రం, కరెంటు పోయి వచ్చేసరికి అంత మర్చిపోతది."

పోయిన ఏడాది ఎండాకాలంలో సార్‌కు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పూర్తిగా పోయింది. నేను చూడటానికి వెళ్లినప్పుడు కళ్లు తెరిచే ఉన్నాడు కానీ నా వైపు చూడలేదు. ఆయన భార్య పద్మక్క గ్లాసులో జావ పట్టుకుని, చెంచాతో తాగిస్తూ ఉంది. "డాక్టర్లు ఫికర్ చెయ్యకుర్రి అంటున్నరు. గని నన్ను గుడ గుర్తువడ్తలేడు సునీతా," అంది. ఆ తర్వాత ఆయన చూసే చోట్లన్నీ నాకిచ్చారు.

వాటిలో తాండూరులోని ఒక ప్రైవేటు కాన్పుల ఆస్పత్రి కూడా ఉంది. జరిగింది అక్కడే.

వానాకాలం చివర్లో ఆ ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. చేసింది పసిపిల్లల వార్డు చూసే రేణుక సిస్టర్. కరెంటు పోయి వచ్చినప్పటి నుంచీ తమ వార్డులో వైఫై పనిచేయడం లేదని, మిగతా బిల్డింగంతా బాగానే ఉందని చెప్పింది. ఆమె కంగారుకు కారణం ఉంది. కొడంగల్ వైపు ఊరి నుంచి నెలలు నిండకుండా పుట్టిన ఒక ఆడపిల్లను తెచ్చారు. హైదరాబాద్‌లోని పిల్లల డాక్టరు రోజూ వీడియోలో పాపను చూసి మందులు చెబుతున్నాడు. పాప హైదరాబాద్‌కు తరలించే స్థితిలో లేదు కాబట్టి ఆ వైఫై వాళ్లకు చాలా అవసరం.

నేను వెళ్లేసరికి పొద్దుటి ఓపీ నడుస్తోంది. వార్డు బయట పాప నానమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మెట్ల కింద చిన్న గదిలో స్విచ్ ఉంటుంది. ల్యాప్‌టాప్ తగిలించి చూస్తే కారణం వెంటనే దొరికింది. పిల్లల వార్డులోని వైఫై డబ్బాకు వెళ్లే పదిహేడో పోర్టు మూసేసి ఉంది. ఆ కేబుల్ గుండానే డబ్బాకు కరెంటు కూడా వెళ్లాలి కాబట్టి పోర్టు మూస్తే డబ్బా ఆరిపోతుంది.

ఇందులో వింతేమీ లేదు. ఎవరో పోర్టు తెరిచి సేవ్ చేయడం మర్చిపోయి ఉంటారు, కరెంటు పోయేసరికి పాత సెట్టింగు వచ్చేసిందనుకున్నాను. తెరిచాను. సేవ్ చేశాను. సరిగ్గా సేవ్ అయిందో లేదో తెలియాలంటే స్విచ్‌ను ఆపి మళ్లీ లేపాలి. ఓపీ అయిపోయి కౌంటర్ ఖాళీ అయ్యేదాకా ఆగి, రేణుక సిస్టర్‌కు చెప్పి రీస్టార్ట్ చేశాను.

లేచింది. పదిహేడు మూసే ఉంది.

లేచేటప్పుడు ఏ ఫైలు చదువుతోందో చూశాను. అంజయ్య సార్ కాలం నాటి పాత ఫైలు ఒకటి అందులో మిగిలి ఉంది. సరే, దాన్నే చదువుతున్నట్టుంది అనుకున్నాను. బూట్ సెట్టింగు మార్చి, కొత్త ఫైలునే చదవమని రాశాను. పాత ఫైలు తీసేశాను. మళ్లీ రీస్టార్ట్ చేశాను. కొత్త ఫైలునే చదివినట్టు తెర మీద స్పష్టంగా కనిపించింది. ఆ ఫైలులో పదిహేడు తెరిచే ఉంది. స్విచ్‌లో మాత్రం మూసి ఉంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కేబుల్‌లో లోపం ఉంటే కొన్ని స్విచ్‌లు ఆ పోర్టును వాటంతట అవే మూసేస్తాయి. అలా మూసినప్పుడు లోపం వల్ల మూశానని తెర మీద చూపిస్తాయి. మనిషి ఆదేశమిచ్చి మూస్తే ఇంకో రకంగా చూపిస్తాయి. ఇది రెండో రకం. ఎవరో కూర్చుని మూసినట్టే చూపిస్తోంది. ఆ స్విచ్ పాస్‌వర్డు ఆ రోజు నా దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు.

చివరికి ఆస్పత్రి వాళ్ల అనుమతి తీసుకుని కేబుళ్లన్నీ పీకేశాను. కేబుళ్లు ఉంటే నెట్‌వర్క్‌లో ఇంకెక్కడి నుంచైనా సెట్టింగులు తెచ్చుకునే అవకాశం ఉంటుంది, ఆ అనుమానం కూడా ఉండకూడదని. లోపల సేవ్ అయినవన్నీ తుడిచేశాను. అంటే అది షాపులోంచి అప్పుడే తెచ్చిన స్విచ్‌తో సమానం. కొత్త స్విచ్‌కు ఏమీ తెలియదు. దాని పేరు దానికే తెలియదు. దాని పోర్టులన్నీ తెరిచే ఉంటాయి.

లేచింది. పేరు లేదు, పాస్‌వర్డు లేదు, అన్నీ పోయాయి. పోర్టులన్నీ తెరిచి ఉన్నాయి. పదిహేడు ఒక్కటీ మూసి ఉంది.

నాకు భయం వేయలేదు. నిజం చెప్పాలంటే విసుగొచ్చింది. అన్నం వేళ దాటిపోయింది. రేణుక సిస్టర్ గుమ్మంలోకి వచ్చి, "జర తొందరగ చూడుర్రి మేడం, డాక్టర్ సాబ్ లైన్లకొస్తనన్నడు," అని చెప్పి వెళ్లింది. పదిహేడును మళ్లీ తెరిచి వదిలేస్తే కరెంటు పోగానే మూసుకుంటుంది. కానీ చేతిలో ఒక సులువైన దారి ఉంది. ఆ కేబుల్‌ను పదిహేడులో కాకుండా పద్దెనిమిదిలో పెడితే డబ్బా వెలుగుతుంది. మిగతా కేబుళ్లన్నీ ఎక్కడివక్కడ పెట్టి, నా సెట్టింగులు మళ్లీ ఎక్కించాను. ఆ ఒక్క కేబుల్ చేతిలో పట్టుకుని పద్దెనిమిది దగ్గరికి తీసుకెళ్లాను కూడా.

పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని మా ఆఫీసులో తర్వాత అడిగారు. ఎవరో పని గట్టుకుని మూసినదాన్ని పక్క దారిన తెరుస్తున్నట్టు అనిపించింది, అంతే. ముందు ఈ కేబుల్ అవతలి కొన చూద్దాం అనుకున్నాను. రేణుక సిస్టర్ ఫోన్లోని నెట్‌తో డాక్టరు పాపను చూసేలా ఏర్పాటు చేసి, ఆస్పత్రి ఎలక్ట్రీషియన్ ఖాజా భాయ్‌ని పిలిచాను.

వార్డు బయట వరండాలో ఫాల్స్ సీలింగు పలక ఒకటి తీసి, ఆయన నిచ్చెన మీంచి టార్చి వేసి చూశాడు. తర్వాత కిందికి దిగి, ముందు ఏసీ లైను ఆపి వచ్చాడు. వచ్చాక చెప్పాడు.

"ఏసీ నీళ్లు కారుతున్నయి మేడం. వైరు మీది తోలు ఎలకలు కొరికినయి. రెండు వైర్లు కలిసి కాలుతున్నయి లోపల్నే. సీలింగు చెక్క నల్లగయింది."

నేను కూడా ఎక్కి చూశాను. మా కేబుల్ ఏసీ వైరుతో కలిపి కట్టి ఉంది. వార్డు గోడ దాటే చోట రెండూ కరిగి ఒకదానికొకటి అంటుకున్నాయి. చుట్టూ చెక్క బొగ్గులా ఉంది. చెయ్యి దగ్గరికి తీసుకెళితే ఇంకా వేడి తగిలింది. సరిగ్గా దాని కింద, గోడ అవతల, పాప ఉంది. ఆ గదిలో ఆక్సిజన్ పైపు నడుస్తోంది.

పాపను, తల్లినీ, వార్డులో ఉన్న మిగతా పిల్లల్నీ నిమిషాల్లో పక్క గదికి మార్చారు. రేణుక సిస్టర్ పాప పడుకున్న బల్లను తనే తోసుకుంటూ వెళ్లింది. నానమ్మకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆమె నా చెయ్యి పట్టుకుని కన్నడం కలిసిన తెలుగులో ఏదో అడిగింది. పాప బాగుందని చెప్పాను. ఖాజా భాయ్ ఆ వైరు ముక్క కోసి నాకు చూపిస్తూ, "ఇది ఇయ్యాలో రేపో అంటుకునేది. అల్లా దయ," అన్నాడు. అంతకంటే ఎవరమూ ఏమీ అనుకోలేదు. పని చాలా ఉంది.

సాయంత్రానికి వైరు మార్చారు, నేను కొత్త కేబుల్ వేయించాను. పదిహేడులోనే పెట్టాను. అలవాటు ప్రకారం స్విచ్ ఒకసారి ఆపి లేపాను. పదిహేడు తెరుచుకుంది. వైఫై డబ్బా వెలిగింది. ఆ తర్వాత అది మళ్లీ ఎప్పుడూ మూసుకోలేదు.

ఇంటికి వెళ్లే ముందు ఫోన్ చూసుకున్నాను. ఆస్పత్రిలో ఉన్నాను కదా అని సౌండ్ తీసేసి పెట్టాను. పద్మక్క నుంచి మధ్యాహ్నం రెండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. సార్‌కు ఏమైనా అయిందేమో అనుకున్నాను. వెంటనే చేశాను.

"ఏం లేదు సునీతా," అంది పద్మక్క. "పదిహేడో తారీకు బంద్ ఉన్నదా? నీకేమన్న తెలుసా అని చేసిన."

అలాంటిదేమీ వినలేదన్నాను. ఎవరు చెప్పారక్కా అని అడిగాను.

"సార్ చెప్పిండు." అంది ఆమె. "పొద్దుమీకి మీ అందరికి చేసి చెబుదామనుకున్న. ఇన్ని నెలలకు నోరు తెరిచిండు. బువ్వ వెడ్తుంటే నా చెయ్యి పక్కకు జరిపి, పదిహేడు బంద్, పదిహేడు బంద్ అని రెండుమూడు మాట్ల అన్నడు. మళ్ల పండుకున్నడు. పదిహేడుకు మా బిడ్డ ప్రయాణముంది, బస్సులు బంద్ ఉంటయేమో అని అడిగిన."

నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. పోర్టు సంగతి చెప్పలేదు. మాట వచ్చింది కదక్కా, మంచిదే అన్నాను. ఫోన్ పెట్టేశాక మొదటి మిస్డ్ కాల్ వచ్చిన సమయం చూశాను. తర్వాత ల్యాప్‌టాప్‌లో స్విచ్‌ను పూర్తిగా తుడిచి లేపిన సమయం చూశాను. రెండూ ఒక్క వేళవే.

తర్వాతి రోజుల్లో నాకు తోచిన వివరణలన్నీ ఒకటొకటిగా పరీక్షించాను. సార్ పనిచేసిన రోజుల్లో ఆ కేబుల్ చూసి ఉంటాడా? లేదు. ఆయన మంచాన పడ్డాక కట్టిన వార్డు అది, కేబుల్ కూడా అప్పుడు వేరేవాళ్లు వేసిందే. ఆయన కాలంలో పదిహేడో పోర్టు ఖాళీ. స్విచ్ చెడిపోయిందా? దాన్ని విప్పించి హైదరాబాద్ పంపాను. అన్నీ సరిగానే ఉన్నాయని తిరిగి పంపారు. పద్మక్క ఎక్కడైనా విని ఉంటుందా? ఆస్పత్రిలో పదిహేడో నంబరు సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రం దాకా నేను వికారాబాద్‌కు ఫోన్ చేయలేదు.

కొన్ని వారాల తర్వాత ఒక ఆదివారం రైలెక్కి వికారాబాద్ వెళ్లాను. సార్ ముందు గదిలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మాటలు నిదానంగా వస్తున్నాయని, పాత సంగతులు మాత్రం చాలావరకు పోయాయని పద్మక్క ముందే చెప్పింది. ఉద్యోగం చేసినట్టు కూడా ఆయనకు గుర్తులేదట. టీవీలో ఏదో వస్తుంటే చూస్తున్నాడు.

ఎదురుగా కూర్చున్నాను. "సార్, పదిహేడు ఎందుకు బంద్ చేయమన్నరు?" అని మెల్లగా అడిగాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. మర్యాద తెలిసిన మనిషి కొత్తవాళ్లను చూసినట్టు చూశాడు.

"నువ్వెవరు బిడ్డా?" అన్నాడు.

పేరు చెప్పాను. తల ఊపాడు, కానీ ఆ పేరు ఆయనకేమీ చెప్పలేదని తెలుస్తూనే ఉంది. పద్మక్క వంటింట్లోంచి టీ తెచ్చింది. సార్ ఎడమ చేత్తో కప్పు నా వైపు జరిపాడు.

ఆ పాప ఇప్పుడు కొడంగల్ దగ్గర వాళ్ల ఊళ్లో నడుస్తోందని రేణుక సిస్టర్ ఈ మధ్య చెప్పింది. విని సంతోషించాను. ఆ మధ్యాహ్నం ఆ పోర్టును మూసింది ఎవరో మాత్రం ఈ రోజుకీ నాకు తెలియదు. తెలిసే అవకాశం ఉన్న ఒకే ఒక్క మనిషికి అది గుర్తులేదు.