టోపీ అంచులో ఎక్స్‌రే

టైఫాయిడ్ తగ్గి లేచాక మా మావయ్యకి, అంటే మా ఆయన తండ్రికి, తలమీద జుట్టు మళ్ళీ రాలేదు. అప్పుడు మేం రంగూన్‌లో, నదికి దగ్గరగా లమ్మడాలో, మూడో అంతస్తులో ఉండేవాళ్ళం. మావయ్య అవతలి ఒడ్డుకి తిరిగే పడవల రేవులో కలాసీ. పడవ వచ్చి ఆనగానే తాడు అందుకుని గుంజకి బిగించడం ఆయన పని. రెండు చేతులూ తాడుకే సరిపోయేవి, గొడుగు పట్టుకునే వీలు లేదు. ఏప్రిల్ ఎండకి బోడినెత్తి కమిలి పొక్కులు లేచేవి. వానలు మొదలయ్యాక అవి నాని పుళ్ళయ్యేవి. చలికాలం పొద్దున్నే నది మీంచి వచ్చే గాలికి చెవులు పోటెత్తేవి.

"అమ్మీ, నీకు మిషనుంది కదా. ఈ నెత్తికి ఏటైనా కుట్టు," అన్నారు ఒకరోజు.

ఆ రోజుల్లో దేశం తలుపులు మూసుకుని కూర్చుంది. బయటి సరుకు ఏదైనా థాయ్ సరిహద్దు దాటి దొంగచాటుగా రావాల్సిందే, వచ్చినా మాలాంటి వాళ్ళకి అందేది కాదు. పబేడాన్ వీధుల్లో టోపీలు దొరికేవి కానీ, మందపు గుడ్డ, ముందు అంచులో అట్టముక్క. రెండు వానలకి ఆ అట్ట నానిన గంజిలా అయిపోయేది. చెమట కంపు కొడుతోందని ఉతికితే మరీ పాడు.

నేను పాత లుంగీల గుడ్డతో మొదలుపెట్టాను. ఎన్నో ఉతుకులు చూసిన గుడ్డ కాబట్టి మెత్తగా ఉంటుంది, త్వరగా ఆరుతుంది. ముక్కలు కోసి గోపురంలా కలిపాను. మావయ్య ఒకపూట పెట్టుకుని, తీసి నా చేతిలో పెట్టారు. లోపలి కుట్లు పుళ్ళకి ఒరుసుకుని నెత్తురు వచ్చింది. కుట్లన్నీ బయటికి తిప్పి మడిచి కుట్టాను. నుదుటి దగ్గర చెమట పీల్చడానికి తువ్వాలు పీలిక పెట్టి, అది విడిగా ఊడివచ్చేలా గుండీలు వేశాను. టోపీ రోజూ ఉతకలేకపోయినా పీలికని ఉతుక్కోవచ్చు. వానకోసం విరిగిన గొడుగు గుడ్డ పైన వేస్తే తల ఉడికిపోయిందన్నారు. అప్పుడా గొడుగు గుడ్డని వెనక మెడమీదికి, చెవులమీదికి దిగే తెరలా కుట్టాను. ఎండాకాలం చుట్టి పైకి గుండీ పెట్టుకోవచ్చు, వానకీ చలిగాలికీ దించుకోవచ్చు.

ముందు అంచు దగ్గర ఆగిపోయాను. వెదురుబద్ద పెడితే విరిగి గుడ్డలోంచి పొడుచుకొచ్చింది. పోక మట్ట పెడితే తడిసి వంకరపోయింది.

దానికి ఉపాయం చెప్పింది మా వదిన. మా ఆయనకి అక్క. భర్త పోయాక మాతోనే ఉండేది, ఒక ఆసుపత్రిలో ఆయాగా చేసేది. మా ఆయనకి ఎగువన ఓ ఊళ్ళో బియ్యం మిల్లులో పని, ఎప్పుడో గాని రాడు. కాబట్టి ఇంట్లో మేం ముగ్గురమే. వదిన ఒకరోజు జాకెట్టు లోపల్నించి పలచటి నల్లటి పలక తీసింది. పాత ఎక్స్‌రే. ఎవరివో పక్కటెముకలు.

"ఇది నానదు, ఇరగదు. కోసి సూడు," అంది.

కత్తెరకి చక్కగా తెగింది. వంచితే వంగి, వదిలితే మళ్ళీ నిలబడింది. రెండు గుడ్డల మధ్య పెట్టి కుట్టాను. బకెట్‌లో నానబెట్టాను, బండమీద కొట్టాను, తీగమీద ఆరేశాను. అంచు చెక్కుచెదరలేదు. మావయ్య ఆ టోపీ పెట్టుకుని రేవుకి వెళ్ళిన వారానికి మరో కలాసీ అడిగాడు, తర్వాత రిక్షావాళ్ళు అడిగారు. మా బాల్కనీ నుంచి వీధిలోకి వేలాడే తాడుని కిందనుంచి ఎవరో లాగితే పై చివర గంట మోగేది. చూస్తే తాడు కింద క్లిప్పుకి ఎవరిదో పాత లుంగీ తగిలించి ఉండేది, దాంతోనే టోపీ కుట్టమని.

అయినా ఒక అనుమానం నన్ను వదల్లేదు. పారేసినవే అయితే జాకెట్టు కింద ఎందుకు దాచి తెస్తోంది? అడిగితే, "వానలో తడవకుండా," అంది. ఎక్స్‌రే నానదని చెప్పింది ఆవిడే.

ఎనభై ఎనిమిది ఆగస్టులో సర్కారు దిగిపోవాలంటూ వీధులు జనంతో నిండిపోయాయి. విద్యార్థులు, సన్యాసులు, గుమాస్తాలు, ఆఖరికి రేవు కూలీలు కూడా నడిచారు. కాల్పులు జరిగాయి. తర్వాత కొన్నాళ్ళు ఊళ్ళో సర్కారన్నదే కనబడలేదు. ఏ వీధికి ఆ వీధి వెదురు కంచెలు కట్టుకుని, మనుషుల్ని ఆపి ఎవరు నువ్వని అడిగేవారు. తాగే నీళ్ళలో విషం కలుపుతున్నారని పుకారు పుట్టింది. దాంతో గుమ్మాల ముందు బాటసారుల కోసం పెట్టే కుండలు లోపలికి వెళ్ళిపోయాయి. కొత్త మొహం కనిపిస్తే చాలు, వేగు అనేవారు. భారతీయుల మొహాలు కొన్ని చోట్ల ఎప్పుడూ కొత్తవే.

వదిన మాత్రం రోజూ ఆసుపత్రికి వెళ్ళి వస్తూనే ఉంది. తెల్ల చీర, చేతిలో ఆసుపత్రి కార్డు. ఏ కంచె దగ్గరా ఆవిణ్ణి ఎక్కువసేపు ఆపేవారు కాదు.

మా మెట్ల కింద కిళ్ళీబల్ల పెట్టుకున్న బర్మా ఆమె ఉండేది. నాకు కాస్త పెద్దది కాబట్టి "అమా" అని పిలిచేదాన్ని, అంటే వాళ్ళ భాషలో అక్క. ఆకుకి సున్నం రాస్తూ, తల ఎత్తకుండా ఒకరోజు అడిగింది.

"మీ ఆడపడుచుని అందరూ ఎలా వదిలేస్తున్నారు?"

"ఆసుపత్రి మనిషి కదా, అమా."

"ఆసుపత్రి వాళ్ళు ఇంకా ఉన్నారు ఈ వీధిలో. వాళ్ళని ఆపుతున్నారు."

ఆ మాట నాతోపాటే మూడంతస్తులూ ఎక్కింది. ఆ తర్వాత వదిన తలుపు తీసుకుని లోపలికి వస్తే ముందు ఆవిడ చేతులకేసి చూసేదాన్ని. ఎక్కడికి వెళ్ళావని అడిగితే, "ఆస్పత్రికి. మరేటి?" అనేది. అడగడం మానేశాను. ఆవిడా చెప్పడం మానేసింది. మావయ్య ముందు మాత్రం ఇద్దరం కూరలో ఉప్పు గురించి మాట్లాడుకునేవాళ్ళం.

సెప్టెంబరులో సైన్యం పగ్గాలు చేతిలోకి తీసుకుంది. కంచెలు పీకేశారు. కర్ఫ్యూ పెట్టారు. అప్పట్నించి వదిన తెచ్చే ఎక్స్‌రేల్లో ఒక తేడా వచ్చింది. ఇదివరకు నిండు పలకలు తెచ్చేది. ఇప్పుడు ప్రతిదానికీ ఒక మూల కత్తిరించి ఉంటోంది. పేరూ నంబరూ ఉండే మూల అది.

"ఇదేటి వదినా, ఎలకలు కొట్టినట్టు?"

"నీకు అంచుకి సరిపోతాది కదా."

తర్వాత, "ఈటిని బట్టల సోడా నీళ్ళలో నానేసి, బొమ్మ పోయేదాకా తోము," అంది.

"గుడ్డలో పెట్టి కుట్టేసేదానికి బొమ్మ ఉంటే ఏటి, పోతే ఏటి?"

"సెప్పినట్టు సెయ్యి."

ఆవిడ నాతో ఎప్పుడూ అలా మాట్లాడలేదు. మర్నాడు ఆవిడ వెళ్ళాక ఒక పలకని కిటికీకి ఆనించి చూశాను. భుజం ఎముక, పక్కటెముకలు. వాటి మధ్య చిక్కుడు గింజంత తెల్లటి మచ్చ. ఎముక అంత తెల్లగా ఉండదు. అంచులు గీసినట్టున్నాయి. అది తూటా అని నాకెవరూ చెప్పనక్కర్లేకపోయింది.

 దెబ్బ తగిలినవాళ్ళ బొమ్మలు ఈవిడ దగ్గర ఎందుకున్నాయి? కోసిన ఆ మూలలు ఎక్కడికి పోతున్నాయి? పేర్లు ఒకచోటికి, బొమ్మలు నా దగ్గరికి. పేర్లు ఎవరికిస్తోంది? కిందామె మాట గుర్తొచ్చింది. ఆ పలకని అప్పటికప్పుడు సోడాలో వేసి, పీచు పెట్టి తోమాను. బొమ్మ నల్లటి జిగురులా ఊడి, నీలంగా, గాజులా మిగిలింది. ఆ నీళ్ళు పారబోసేటప్పుడు కూడా ఎవరైనా చూస్తున్నారేమోనని బాల్కనీ వైపు చూశాను.

సోడా కూడా కరువే. ఆ వారం అయిపోయింది. మావయ్య పాత టోపీ గుడ్డ చిరిగిపోతే, కొత్తది త్వరగా కావాలన్నారు. ఒక పలకని తోమకుండానే కోసి పెట్టేశాను. దాన్ని వెలుగుకి పెట్టి చూడలేదు. చూడాలనిపించలేదు.

మావయ్య ఒక మధ్యాహ్నం వేళకి ముందే ఇంటికి వచ్చేశారు. బోడినెత్తి ఎండకి ఎర్రగా ఉంది. టోపీ చేతిలో ఉంది. దాని అంచు నిలువునా కోసి ఉంది. లోపల ఏమీ లేదు.

వదిన ఆరోజు ఇంట్లోనే ఉంది. ఇద్దరం లేచి నిలబడ్డాం.

"రేవు గేటు కాడ సిపాయి ఆపినాడు," అన్నారు మావయ్య. "అందరి నెత్తులూ తడుముతన్నాడు. నా టోపీ ఒంచి సూసినాడు. కరకరమంది. కత్తి పెట్టి కోసీసినాడు."

"ఏటుంది అందులో?" వదిన గొంతు నాకు కొత్తగా వినిపించింది.

"సెయ్యి. ఎవులిదో సెయ్యి బొమ్మ. ఆకాశానికెత్తి సూసి, ఎవరిది అబా అన్నాడు. పెద్దోళ్ళని అలాగే పిలుస్తారు కదా. నాదే బాబూ, సెయ్యి బెణికితే తీసినారు, అన్నాను. నా సెయ్యి సాపమన్నాడు. సాపినాను."

మావయ్య కుడిచేతికి చూపుడువేలు సగమే. ఎప్పుడో తాడుకీ గుంజకీ మధ్య నలిగి పోయింది. ఆ సంగతి మాకిద్దరికీ ఒకేసారి తట్టింది.

"బొమ్మలో వేళ్ళన్నీ ఉన్నాయేటి?" అన్నాను.

"ఉన్నాయి. ఆడు బొమ్మ సూసినాడు, నా సెయ్యి సూసినాడు. ఇంకోపాలి సూసినాడు. తరవాత దాన్ని నీళ్ళలోకి ఇసిరీసి, ఎల్లు అబా, అన్నాడు. ఎందుకొదిలినాడో నాకు తెల్దు."

ఆ సిపాయికి లెక్క తెలియలేదో, తెలిసే వదిలాడో, ఇంటిదాకా వెంట ఎవరినైనా పంపాడో, మా ముగ్గురికీ తెలియదు. మావయ్య గోడకి చేరగిలబడి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

"ఇంట్లో ఏటవుతోందో నాకు సెప్పండి. మీరిద్దరూ ఉప్పు కోసం మాటాడుకుంటే నమ్మీడానికి నానేటి పసిగుంటనా?"

వదిన బాల్కనీ తలుపు మూసి వచ్చి కింద కూర్చుంది. "ఎవులో మనుషులొచ్చి ఫొటోలున్న గది తాళాలు అడుగుతన్నారు. తూటా తగిలినోళ్ళు ఎవులో తెలవాలంటే ఆటిని సూస్తే సాలు. పేరుంటాది, ఊరుంటాది, ఎల్లి పట్టుకుంటారు. గది తుడిసేది నేను. సేతికందినయి తెచ్చీసినాను."

"మూలలు?" అన్నాను.

"అక్కడే పొయ్యిలో ఏసీసినాను. నీల్లు కాసే పొయ్యిలో. పలకంతా ఏస్తే కంపొచ్చి పట్టుబడిపోతాను."

"ఎవులు సెయ్యమన్నారు?" మావయ్య అడిగారు.

"ఎవులూ అన్లేదు."

దాన్ని నేను నమ్మానా అంటే, సగం. ఆవిడ వెనక ఎవరో డాక్టరో నర్సో ఉండి ఉంటారని ఇప్పటికీ అనుకుంటాను. "నాకు ముందే ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"కిందామెతో రోజూ మాటాడతన్నావు," అంది. "నువ్వు నా సేతులు సూస్తావు కదా, నానూ నీ నోరు సూసినాను. ఆమె ఏటడిగిందో, నువ్వేటి సెప్పినావో నాకేటి తెల్సు?"

నాకు కోపం రావాలి, రాలేదు. ఇన్ని వారాలుగా ఆవిడ నన్ను అదే చూపుతో చూస్తోందని అప్పుడు తెలిసింది. మావయ్య గోడ వదిలి ముందుకి జరిగారు. "మిగిలినయి ఎక్కడున్నాయి?" అన్నారు. మిషన్ కింద చెక్కపెట్టెలోంచి తీశాను. ఆయనే కూర్చుని, పొయ్యి బూడిదని వేడినీళ్ళలో కలిపి, సోడాకి బదులుగా దాంతో తోమారు. త్వరగా ఊడలేదు. ముగ్గురం వంతులేసుకుని తోమాం. తోముతుంటే ఒకదాంట్లో తొడ, ఒకదాంట్లో దవడ.  ఎవరి బిడ్డలో బతికున్నారో లేదో తెలియకుండానే వాళ్ళ ఎముకల్ని చెరిపేస్తున్నాం.

కొన్నాళ్ళకి ఆసుపత్రిలో ఆ గదికి కొత్త తాళం పడింది. వదినని పిలిచి అడిగారు. ఏం అడిగారో పూర్తిగా చెప్పలేదు. ఇంటికి వచ్చింది, అన్నం తింది, ఇక పనికి వెళ్ళనంది. ఆవిడే మానేసిందా, తీసేశారా అన్నది కూడా నాకు తెలియదు. ఒకే మిద్దెలో ఇద్దరం ఉంటే ఇద్దరిమీదా కన్ను పడుతుందని ఆవిడే చిమిండైంగ్ పేటలో గది తీసుకుని, సంత దగ్గర ఆకుకూరలు అమ్మడం మొదలుపెట్టింది. రైళ్ళు సరిగ్గా నడిచాక మా ఆయన వచ్చి, అక్క ఎందుకు వెళ్ళిపోయిందని అడిగాడు. పడలేదని చెప్పాను. ఆ అబద్ధం ఆయన సులువుగా నమ్మాడు.

టోపీలు మాత్రం ఆగలేదు. ఎక్స్‌రేలు లేవు కాబట్టి పామాయిల్ ప్లాస్టిక్ డబ్బాలు కోసి అంచుల్లో పెట్టేదాన్ని. ఎండకి కాస్త వంకరపోయేవి కానీ నానేవి కావు. గడ్డకట్టిన నూనె వాసన పోవడానికి రెండుసార్లు ఉడకబెట్టాల్సి వచ్చేది.

ఆ చలికాలంలో కిందామె తన తమ్ముడికని ఒక టోపీ కుట్టమంది. కుట్టి ఇచ్చాను. డబ్బు నా చేతిలో పెడుతూనే బొటనవేలితో అంచు నొక్కి నొక్కి చూసింది.

"ఇందులో ఏం పెట్టావు?"

"నూనెడబ్బా ముక్క, అమా."

"ఇంతకు ముందు ఇంకా మంచిది పెట్టేదానివి," అంది మామూలుగా, ఆకు చుట్టుకుంటూ.

నేను నవ్వి మెట్లెక్కాను. ఆమెకి అంతకు ముందు నేనెప్పుడూ టోపీ కుట్టివ్వలేదు. మర్నాడు చిమిండైంగ్ వెళ్ళి వదినకి చెప్పాను. తోటకూర కట్టలమీద నీళ్ళు చల్లుతూ విన్నది.

"ఎవులి టోపీ సూసిందో," అంది. ఇంకో కట్ట తడిపింది. "మరి నువ్వేటన్నావు?"

"నవ్వినాను."

"సరే," అంది. కానీ వదిన నా మొహంలోకి చూసిన చూపు, నా నోటిని కాపలా కాసిన ఆ పాత చూపే. ఒక కట్ట చేతిలో పెట్టి పంపింది. కొన్నేళ్ళపాటు మేం అలాగే కలుసుకునేవాళ్ళం, సంతలో, అందరి మధ్య, కూరల గురించి మాట్లాడుకుంటూ.